కార్లు లేని మ్యాకినా ఐలాండ్ కి అమ్మానాన్నలతో ఒక్క రోజు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఆగస్టులో అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తున్నారు, డెట్రాయిట్ పక్కనున్న నోవై నుంచి, మిషిగన్ ఉత్తరాన హ్యూరాన్ సరస్సులో ఉన్న మ్యాకినా ఐలాండ్ కి ఒక్క రోజులో వెళ్ళి రావొచ్చా, అక్కడ కార్లే ఉండవంట కదా, నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, బాబుకి ఆరేళ్ళు, ఏం చూడాలి, ఏం తినాలి అని.

వెళ్ళి రావొచ్చండి. హాయిగా వెళ్ళి రావొచ్చు. మేం మిషిగన్ లో చాలా ఏళ్ళ నుంచి ఉంటున్నాం, ఇండియా నుంచి మా వైపు వాళ్ళెవరొచ్చినా అక్కడికి తీసుకెళ్ళడం అలవాటైపోయింది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక్క మాట గట్టిగా చెప్తా. "అంత దూరం పోయాం, ఏముందండీ అక్కడ, ఫడ్జ్ అనే మిఠాయి షాపులు, టీషర్టులు, గుర్రప్పేడ వాసన" అని మన వాళ్ళు చాలామంది అంటుంటారు. ఎక్కడెక్కడ తిరిగారు అని అడిగి చూడండి, ఫెర్రీ దిగిన చోటు నుంచి అటు రెండు సందులు ఇటు రెండు సందులు, అంతే, మిగతా దీవి మొహమే చూసుండరు. ఆ దీవిలో దాదాపు 80 శాతం స్టేట్ పార్కు, అంటే అడవి, సున్నపురాయి గుట్టలు, చుట్టూ హ్యూరాన్ సరస్సు. జనమంతా ఆ చివర ఒక్క వీధిలో ఇరుక్కుని ఉంటారు. కాబట్టి నేను చెప్పేదల్లా ఒకటే, దిగిన గంటలోపు మెయిన్ స్ట్రీట్ వదిలేయండి, మళ్ళీ సాయంత్రం ఫెర్రీ ఎక్కేముందు రండి. మిగతావన్నీ దీని తర్వాతే.

డ్రైవ్ సంగతి. నోవై నుంచి ఫెర్రీ ఎక్కే ఊరు మ్యాకినా సిటీకి నాలుగు గంటల పైనే, పెద్దవాళ్ళున్నారు, పిల్లాడున్నాడు అంటే ఆగుతూ ఆగుతూ ఐదు వేసుకోండి. పొద్దున్న 4:30, 5 కి బయల్దేరితేనే అదే రోజు రావడం కుదురుతుంది. నన్నడిగితే ముందు రోజు సాయంత్రం వెళ్ళి మ్యాకినా సిటీలోనో, గంట ముందే వచ్చే గేలార్డ్ లోనో రూమ్ తీసుకుని పడుకోండి, పొద్దున్నే తొలి ఫెర్రీల్లో ఒకటి పట్టుకోండి, చూడ్డం ఒక్క రోజే అయినా ఆ రోజు మొత్తం మీ చేతిలో ఉంటుంది. జీపీఎస్ లో దీవి పేరు కొట్టకండి, ఫెర్రీ డాక్ పేరు కొట్టండి. మ్యాకినా బ్రిడ్జి దాటి అవతల సెయింట్ ఇగ్నేస్ నుంచి కూడా ఫెర్రీలున్నాయి గానీ, మీరు కింద నుంచి వస్తున్నారు కాబట్టి మ్యాకినా సిటీయే దగ్గర, బ్రిడ్జి టోలూ ఉండదు. ఇంకోటి, లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) నాడు పెట్టుకోకండి, ఆ పొద్దున్న బ్రిడ్జి మీద వేలమంది నడుస్తారు, కార్లు ఆపేస్తారు, ఆ చుట్టుపక్కలంతా కిటకిటలాడుతుంది.

ఫెర్రీ పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. కొన్ని ట్రిప్పులు నేరుగా పోకుండా ముందు మ్యాకినా బ్రిడ్జి కిందకి తీసుకెళ్ళి అప్పుడు దీవికి తిప్పుతాయి, షెడ్యూల్ లో విడిగా రాసుంటుంది, టైము కుదిరితే అదే ఎక్కండి. 1957 లో తెరిచిన బ్రిడ్జి, ఐదు మైళ్ళ పొడవు, కింద నుంచి తలెత్తి చూస్తేనే దాని సైజు అర్థమవుతుంది. పై డెక్కు మీద గాలి మామూలుగా కొట్టదు, ఆగస్టు అయినా సరే, అమ్మగారికి ఒక స్వెటర్, చెవులకి స్కార్ఫ్ చేతిలోనే ఉంచండి. మీ సొంత సైకిళ్ళుంటే కొంచెం అదనంగా కడితే ఫెర్రీ మీద తెచ్చుకోవచ్చు. మన కారు రాక్ మీద బాబు సైకిల్ ఒక్కటైనా తీసుకెళ్ళండి, తనకి అలవాటైన సైకిల్ అయితే భయం ఉండదు.

ఇక కార్లు లేకపోవడం గురించి, ఎందుకంటే బాబు ఇది తప్పకుండా అడుగుతాడు. 1898 లో అప్పుడప్పుడే కార్లు వస్తున్న రోజుల్లో అవి చేసే చప్పుడుకి గుర్రాలు బెదిరిపోతున్నాయని అక్కడి బండ్ల వాళ్ళు గోల పెడితే ఊరి కౌన్సిల్ కార్లని నిషేధించింది, 1901 లో పార్కు భాగానికీ అదే రూల్ పెట్టారు, ఇప్పటికీ అదే నడుస్తోంది. అంబులెన్సు, ఫైర్ ఇంజన్ లాంటివి మాత్రం ఉన్నాయి, శీతాకాలంలో మంచు మీద స్నోమొబైల్స్ తిరుగుతాయి. మిగతా అన్నిటికీ గుర్రం, సైకిల్, మన కాళ్ళు. ట్యాక్సీ కూడా గుర్రబ్బండే.

ఫెర్రీ దిగగానే డాక్ దగ్గర ఒక్క పది నిమిషాలు పక్కకి నిలబడి సరుకు బండ్లని చూడండి, ఫొటోల తొందరలో జనం దీన్ని వదిలేస్తారు. పొడుగాటి చెక్క బండి, దాని మీద హోటల్ సూట్ కేసులు, కూరగాయల పెట్టెలు, కొరియర్ డబ్బాలు గుట్టగా పేర్చి ఉంటాయి, ముందు రెండు గుర్రాలు. ఇవి మనం పెళ్ళి ఊరేగింపుల్లో చూసే సన్నటి గుర్రాలు కాదు, పెర్షెరాన్, బెల్జియన్ జాతులవి, ఒక్కోటి టన్నుకి అటూ ఇటూ తూగుతుంది, నిలబడి ఉన్నప్పుడు ఒక వెనక కాలు కొంచెం మడిచి ఆ బరువంతా మూడు కాళ్ళ మీద పెట్టి రెస్ట్ తీసుకుంటాయి. బండివాడు నోటితో ఒక్క చప్పుడు చేస్తే చాలు రెండూ ఒకేసారి మెడలు ముందుకి వంచి లాగుతాయి. చెత్త కూడా ఇలాంటి బండ్లలోనే వెళ్తుంది. వేసవిలో దీవి మీద 500 పైనే గుర్రాలుంటాయి, చలికాలం మొదలయ్యేసరికి చాలావాటిని ఫెర్రీలెక్కించి అవతల గడ్డకి పంపేస్తారు. ఊళ్ళో ఏడాది పొడుగునా ఉండే మనుషులు కూడా 500 దాకానే. పేడ ఎత్తడానికి మనుషులు బ్రష్షులు, బండ్లతో రోజంతా తిరుగుతూనే ఉంటారు, వాసన మెయిన్ స్ట్రీట్ లోనే, అడవిలోకి వెళ్తే ఉండదు. చెప్పులొద్దు, షూసే వేయించండి అందరికీ, వాన పడిన రోజు అయితే మరీ ముఖ్యం.

నాన్నగారి మోకాళ్ళు దృష్టిలో పెట్టుకుని చెప్తే, మీకు మొదటి పని క్యారేజ్ టూర్. టికెట్లు మెయిన్ స్ట్రీట్ మీదే, పొద్దున్న తొందరగా వెళ్తే లైను చిన్నగా ఉంటుంది, మధ్యాహ్నానికి బాగా పెరుగుతుంది. మొత్తం దాదాపు రెండు గంటలు. ముందు రెండు గుర్రాల చిన్న బండిలో ఊరంతా తిప్పి కొండెక్కిస్తారు, పైన సర్రీ హిల్స్ అనే చోట దించి మూడు గుర్రాలు కట్టిన పెద్ద బండి ఎక్కిస్తారు, అందులో 35 మంది దాకా పడతారు, అది అడవిలోంచి ఆర్చ్ రాక్ దాకా తీసుకెళ్ళి ఆపుతుంది. బండి మెట్టు కొంచెం ఎత్తుగా ఉంటుంది, నాన్నగారిని ముందు ఎక్కించి చెయ్యి పట్టుకోండి. వీల్ చెయిర్ అవసరమైతే ముందే ఫోన్ చేసి అడగండి. చీర కట్టుకున్నా ఇబ్బందేం లేదు, అమ్మగారికి అలాగే చెప్పండి.

ఆర్చ్ రాక్ అంటే సరస్సు నీళ్ళకి 146 అడుగుల ఎత్తున సహజంగా ఏర్పడ్డ సున్నపురాయి తోరణం. కొన్ని వేల ఏళ్ళ క్రితం ఇక్కడ నీటిమట్టం ఇప్పటికంటే చాలా ఎత్తులో ఉండేది, ఆ అలలకి మెత్తటి రాయి కరిగి కొట్టుకుపోయి గట్టిది మిగిలింది. రాతి నడిమధ్యలోంచి కింద నీళ్ళు కనిపిస్తాయి, ఎండ రోజుల్లో ఒడ్డు దగ్గర పచ్చగా, లోపలికి పోయేకొద్దీ ముదురు నీలంగా. ఇది తూర్పు వైపు చూస్తుంది, అందుకే పొద్దున వెలుగులో చూడమంటాను. కింద రోడ్డు నుంచి ఎక్కి రావాలంటే 207 మెట్లు, నాన్నగారికి అది వద్దే వద్దు, బండిలో అయితే నేరుగా పైకే వస్తారు.

తిరుగు దారిలో ఫోర్ట్ మ్యాకినా అనే పాత కోట వెనక గేటు దగ్గర బండి ఆగుతుంది, అక్కడే దిగిపోండి. ఊళ్ళోంచి కోటకి ఎక్కే ర్యాంపు చాలా నిటారు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి చుక్కలు కనిపిస్తాయి, ఇలా పై నుంచి వస్తే లోపలంతా చూసుకుని నిదానంగా కిందకి దిగడమే. కోట టికెట్ వేరే కొనాలి, పెట్టిన డబ్బుకి న్యాయం జరుగుతుంది. 1780 లో బ్రిటిష్ వాళ్ళు మొదలుపెట్టిన కోట, అప్పటి భవనాలు ఇప్పటికీ ఉన్నాయి, పాతకాలం సైనికుల బట్టలేసుకుని తుపాకులు, ఫిరంగి పేల్చి చూపిస్తారు, బాబుకి అదే పండగ, చెవులు మూయండి.

కోటలో నాకు ఎప్పుడూ ఆసక్తిగా అనిపించే కథ 1812 ది. అప్పటికి కోట అమెరికన్ల చేతిలో ఉంది. బ్రిటన్ తో యుద్ధం మొదలైందన్న కబురే ఇక్కడి కమాండర్ కి అందలేదు, బ్రిటిష్ వాళ్ళకి ముందే తెలిసింది. వాళ్ళు రాత్రికి రాత్రి దీవి వెనక ఒడ్డున పడవలు దిగి, అడవిలోంచి ఫిరంగి లాక్కొచ్చి, కోట వెనకున్న ఇంకా ఎత్తైన గుట్ట మీద పెట్టారు. జులై 17 పొద్దున చూసేసరికి ఫిరంగి నెత్తి మీద ఉంది. పోరాటమే లేకుండా కోట లొంగిపోయింది. 1814 లో అమెరికన్లు తిరిగి తీసుకుందామని వచ్చి ఓడిపోయారు, చివరికి సంధి తర్వాత 1815 లో గానీ చేతికి రాలేదు. ఆ గుట్టే ఇప్పటి ఫోర్ట్ హోమ్స్, దీవి మొత్తానికీ ఎత్తైన చోటు. కోట గోడ దగ్గర నిలబడి వెనక్కి తిరిగి పైకి చూస్తే ఆ రోజు లోపలున్న అమెరికన్ల పరిస్థితి ఏంటో మనకే అర్థమవుతుంది.

ఇంట్లో ఎవరైనా డాక్టర్లుంటే మార్కెట్ స్ట్రీట్ లో చిన్న మ్యూజియం ఉంది, అదీ చూపించండి. 1822 లో ఇక్కడ బొచ్చు వ్యాపారం కంపెనీ కొట్లో పొరపాటున తుపాకీ పేలి అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కుర్రాడికి పొట్టలో తగిలింది, బతికాడు గానీ కన్నం పూర్తిగా పూడలేదు. కోట డాక్టరు విలియం బోమాంట్ తర్వాత ఆ కన్నంలోంచి దారానికి కట్టిన తిండి ముక్కలు లోపలికి వదిలి, కాసేపాగి బయటికి తీసి, ఎంత అరిగిందో చూసేవాడు. మనిషి కడుపులో తిండి ఎలా అరుగుతుందో ప్రపంచానికి చాలావరకు అలా తెలిసింది. పాపం ఆ కుర్రాడు ఎంత విసుగెత్తిపోయాడో కూడా ఆలోచించాలి.

తిండి. శాకాహారులకి అక్కడ పిజ్జా, ఫ్రైస్, సలాడ్, గ్రిల్డ్ చీజ్, ఇంతే అనుకోండి, మన భోజనం దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకండి. పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాల్లో పెట్టుకోండి, రెండు చపాతీలు, ఆవకాయ ముక్క, పెరుగన్నం అయితే కూలర్ బ్యాగు కావాలి కాబట్టి మీ ఇష్టం. కోట కిందే మార్కెట్ (Marquette) పార్క్ అని పెద్ద పచ్చిక మైదానం ఉంది, ఎదురుగా పడవల రేవు, అక్కడ దుప్పటి పరుచుకుని తినండి. తిన్నాక చెత్త మాత్రం ఒక్క కాగితం కూడా వదలకండి, అంత శుభ్రంగా ఉంచుకుంటున్న ఊరు అది.

భోజనం అయ్యాక అమ్మానాన్నలు ఆ చెట్ల నీడన గంటా గంటన్నర కూర్చుంటారు, లేదంటే పడమటి వైపు విండర్మీర్ పాయింట్ దగ్గర బెంచీలున్నాయి. ఈ టైములో మీరిద్దరూ బాబుని తీసుకుని సైకిల్ మీద దీవి చుట్టి రండి. ఈ ట్రిప్పు మొత్తంలో ఒక్కటే చేయగలం అంటే నేను ఇదే చేయమంటా. ఎం-185 అని రోడ్డు, స్టేట్ హైవేనే గానీ మోటారు బండ్లు తిరగని హైవే, చుట్టూ దాదాపు 8 మైళ్ళు, మొత్తం చదును, ఒక పక్క కొండ, ఒక పక్క నీళ్ళు. తొక్కుతూ పోతే గంటంబావు, ఆగుతూ పోతే రెండు గంటలు. అద్దె సైకిళ్ళు మెయిన్ స్ట్రీట్ లో అడుగడుక్కీ ఉన్నాయి, మడ్ గార్డు ఉన్నదే అడగండి, లేకపోతే తడి రోడ్డు మీద వీపంతా చిందుతుంది. పిల్లల కోసం వెనక తగిలించే ట్రాలీలు, ఇద్దరు తొక్కే సైకిళ్ళు కూడా ఇస్తారు. ఈ-బైక్ అడగొద్దు, అక్కడ నడకకి ఇబ్బంది ఉన్నవాళ్ళకి ఒక రకానికి మినహాయింపు తప్ప మామూలుగా ఒప్పుకోరు.

తూర్పు వైపు నుంచి మొదలెట్టండి, అంటే ఊళ్ళోంచి బయటికి వస్తూ సరస్సు మీకు కుడి చేతి వైపు ఉండాలి. మొదటి మైలు జనం ఉంటారు. పొద్దున పైనుంచి చూసిన ఆర్చ్ రాక్ ఇప్పుడు కింద నుంచి తల మీద కనిపిస్తుంది, అది దాటితే ఒక్కసారిగా పల్చబడిపోతుంది. ఇంజన్ మోత లేదు, హారన్ లేదు, గులకరాళ్ళ మీద నీళ్ళు, సైకిల్ చైను, పక్షులు, అంతే వినిపించేది. హైదరాబాద్ ట్రాఫిక్ లోంచి వచ్చిన మా బంధువులు ఇక్కడ సైకిల్ ఆపి అలా నిలబడిపోవడం నేను చూశా, ఒకాయన అయితే ఫోను తీసి ఫొటో కాదు, చప్పుడు రికార్డు చేసుకున్నాడు. మైలు రాళ్ళు ఉంటాయి, దారి తప్పే ప్రశ్నే లేదు. ఎక్కడైనా సైకిల్ పక్కన పెట్టి నీళ్ళలో కాళ్ళు పెట్టుకోవచ్చు, ఆగస్టులో కూడా చల్లగా జివ్వుమంటుంది, రాళ్ళు జారతాయి, బాబు చెయ్యి వదలకండి.

సగం దూరంలో బ్రిటిష్ ల్యాండింగ్ వస్తుంది, 1812 లో వాళ్ళు దిగింది ఇక్కడే. బాత్రూములు, బల్లలు, ఏదో ఒకటి తినడానికి చిన్న హోటల్ ఉన్నాయి. ఇక్కడి నుంచి పడమటి ఒడ్డు, మధ్యాహ్నం ఎండలో బ్రిడ్జి మొత్తం ఎదురుగా కనిపిస్తుంది తిరిగి ఊళ్ళోకి వచ్చేదాకా, తూర్పు నుంచి మొదలెట్టమన్నది ఇందుకే.

సైకిల్ జాగ్రత్తలు రెండు. గుర్రబ్బండి వస్తుంటే దారి వాళ్ళదే, కుడి పక్కకి జరిగిపోండి, గుర్రం ముందు నుంచి హఠాత్తుగా దూరకండి. రెండోది, లోపలి అడవి రోడ్లు బాగుంటాయి గానీ ఎగుడుదిగుళ్ళు, ముఖ్యంగా ఊళ్ళోకి దిగే వాలులు చాలా నిటారు, అద్దె సైకిల్ బ్రేకుల్ని నమ్ముకుని దిగకండి, దిగి నడిపించుకు రండి. పిల్లలుంటే లోపలికి అసలు వద్దు, చుట్టు రోడ్డు చాలు.

గ్రాండ్ హోటల్ గురించి అందరూ అడుగుతారు. 1887 నాటిది, 660 అడుగుల వరండా, బయట రోడ్డు మీంచి తెల్లగా ఠీవిగా కనిపిస్తుంది. అక్కడ దిగనివాళ్ళు లోపలికి పోవాలంటే డబ్బు కట్టాలి, సాయంత్రం అయితే బట్టల రూల్స్ కూడా ఉన్నాయి. ఒక్క రోజు ట్రిప్పుకి నేనైతే వదిలేస్తా, క్యారేజ్ అటువైపు నుంచే వెళ్తుంది కాబట్టి చూసినట్టే. సీతాకోకచిలుకల ఇళ్ళు కూడా ఉన్నాయి, వాన పడితే బాబు కోసం వెళ్ళండి, ఎండ ఉంటే వద్దు.

ఫడ్జ్ చివరికి ఉంచాను, మీరూ చివరికే ఉంచండి, పొద్దున్నే కొంటే రోజంతా మోయాలి, ఎండకి మెత్తబడుతుంది. కొనడం కంటే చేసేది చూడ్డం ముఖ్యం. పెద్ద రాగి గుండిగలో ఉడికిన పాకాన్ని పాలరాతి బల్ల మీద పోస్తారు, ఇనప కడ్డీల అంచుల మధ్య అది వేడిగా మెరుస్తూ పారుతుంది, కాస్త చల్లారాక కడ్డీలు తీసేసి ఒక మనిషి బల్ల చుట్టూ తిరుగుతూ పొడుగాటి గరిటెతో అంచుల్నించి లోపలికి ఎత్తి ఎత్తి మడుస్తుంటాడు, మెరుపు పోయి మందంగా దిమ్మలా అయ్యేదాకా. మా అత్తయ్య అద్దంలోంచి చూసి "కోవా కలిపినట్టే ఉంది, మనం పొయ్యి మీద చేసేది వీళ్ళు బల్ల మీద చేస్తున్నారు" అంది. రుచి చూడమని చిన్న ముక్క ఇస్తారు చాలా షాపుల్లో. తీపి చాలా ఎక్కువ, ఒక ముక్క తీసుకుంటే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. గుడ్డు, జెలటిన్ పట్టింపులున్నవాళ్ళు కౌంటర్ లో అడిగి తీసుకోండి. షుగర్ ఉన్న పెద్దవాళ్ళ చేతికి డబ్బా ఇవ్వకండి.

ఆగస్టు తప్పదు అంటే వారం మధ్యలో వెళ్ళండి, శనాదివారాలు వద్దు. డేట్లు మార్చుకోగలిగితే జూన్ లో లైలాక్ పూలు, సెప్టెంబరు చివర్లో ఆకుల రంగులు, అప్పుడు జనం కూడా తక్కువ, అక్టోబరు చివరికల్లా హోటళ్ళు చాలావరకు మూసేస్తారు.

ఆఖరి ఫెర్రీ టైము వెళ్ళేటప్పుడే డాక్ మీద బోర్డు ఫొటో తీసుకోండి, సీజన్ ని బట్టి మారుతుంటుంది, దాని మీద ఆధారపడకుండా ఒకటి రెండు ముందువి ఎక్కేలా చూసుకోండి, ఎందుకంటే సాయంత్రం అందరూ ఒకేసారి వస్తారు, పెద్దవాళ్ళు లైన్లో నిలబడాలి. దీవి మీద అప్పటికప్పుడు రూమ్ దొరకడం కష్టం, దొరికినా ధర చాలా ఎక్కువ. అదే రాత్రి నోవై వచ్చేయాలనుకుంటే చీకటి పడ్డాక ఐ-75 మీద గ్రేలింగ్ దాటేదాకా జింకలు అడ్డం వస్తాయి, స్పీడు తగ్గించుకోండి, డ్రైవ్ చేసేవాళ్ళు ఇద్దరుంటే మార్చుకోండి, ఒక్కరే అయితే మాత్రం గేలార్డ్ లో ఆగి పొద్దున్నే బయల్దేరండి.